లోబాయ్ ట్రైలర్ కొనేముందు: టన్నుల సంగతి చివర్లో చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ దగ్గర 20 టన్నుల ఎక్స్‌కవేటర్, 11 టన్నుల ఒంటి డ్రమ్ము రోలర్, ఒక మోటర్ గ్రేడర్ (బ్లేడుతో రోడ్డు చదును చేసే బండి) ఉన్నాయి. త్వరలో 30 టన్నుల ఎక్స్‌కవేటర్ కూడా వస్తోంది. వీటన్నిటినీ సైట్లకు మోయడానికి 40 టన్నుల లోబాయ్ (నేలకు దగ్గరగా డెక్ ఉండే, భారీ మిషన్లు మోసే ట్రైలర్) ఒకటి సరిపోతుందా? మెడ (డెక్‌ను లారీకి కలిపే ముందు భాగం) ఊడదీసే రకం తీసుకోవాలా, కదలని మెడది చాలా?

సూటిగా చెప్పాలంటే, మూడు యాక్సిళ్లు, ఊడదీసే హైడ్రాలిక్ మెడ ఉన్నది తీసుకోండి. పల్లం డెక్ (మెడకూ వెనక చక్రాలకూ మధ్య కిందికి ఉండే భాగం) పొడవు కనీసం 8.2 మీటర్లు ఉండాలి. "40 టన్నులు" అన్న ఒక్క మాట నమ్మి మాత్రం డబ్బు కట్టకండి. మీ మిషన్లలో మూడు ట్రైలర్‌లో తలా ఒక కొలతను శాసిస్తాయి. పొడవును గ్రేడర్, ఎక్కించే వాలును రోలర్, ఎత్తునూ యాక్సిళ్లనూ పెద్ద ఎక్స్‌కవేటర్ తేలుస్తాయి. ఆ కొలతలన్నీ కుదిరాకే టన్నుల మాట.

గ్రేడర్ నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. బరువు 15 టన్నుల అటూ ఇటూ కాబట్టి ఏ లోబాయ్ అయినా మోస్తుందనుకుంటారు. నిజమే, బరువు సమస్య కాదు, పొడవే సమస్య. మామూలు సైజు గ్రేడర్‌లో ముందు ఇరుసు నుంచి వెనక జంట చక్రాల మధ్యకు 6.1 మీటర్ల దాకా ఉంటుంది. ఆ జంట చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు, అంటే ముందు ఇరుసు నుంచి ఆఖరి ఇరుసుకు 6.85. రెండు చివర్లా టైరు సగం సగం కలిపితే 8.1 దాటుతుంది. 7.3 మీటర్ల పల్లం ఉన్న ట్రైలర్ కొన్నాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. వెనక చక్రాలు పల్లం చివరి మెట్టెక్కి కూర్చుంటాయి, క్యాబిన్ ఎత్తు పెరుగుతుంది. మీ గ్రేడర్‌ను మీరే టేపుతో కొలుచుకోండి. బ్రోషర్‌లో ఉండే మొత్తం పొడవు ఇక్కడ పనికిరాదు, టైరు ముందంచు నుంచి ఆఖరి టైరు వెనకంచుకు ఎంతో కావాలి.

పొడవు పెంచితే నష్టం లేదా అంటే ఉంది. పల్లం అడుగుభాగానికీ రోడ్డుకూ మధ్య ఖాళీ బరువుతో ఉన్నప్పుడు 15 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కింగ్‌పిన్ (మెడ కింద ఉండి లారీకి తగిలే ఇనుప పిన్ను) నుంచి యాక్సిళ్ల మధ్యకు 13.4 మీటర్లు ఉన్న ట్రైలర్‌కు ఆ రెండు బిందువుల మధ్య నేల 15 సెంటీమీటర్లు ఉబ్బితే చాలు, కడుపు ఆనిపోతుంది. రైల్వే గేట్లు, వంతెన మొదట్లో ఉండే ఎత్తులు, సైటులోకి దిగే మట్టి దారులు ఇలాంటి చోట్లే. హైడ్రాలిక్ మెడ ఉంటే ఆ కాసేపు మెడ పైకెత్తి దాటించవచ్చు. ఊడదీసే మెడకు ఓటు వేయడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం రోలర్. కదలని మెడ ఉన్న ట్రైలర్ మీదకు మిషన్ వెనక నుంచి, చక్రాల మీదుగా ఎక్కాలి. వెనక డెక్ ఎత్తు 0.9 మీటర్లు, ర్యాంపు 2.4 మీటర్లు అనుకుంటే వాలు 22 డిగ్రీలు. నున్నటి ఇనుప డ్రమ్ము ఇనుప ర్యాంపు మీద, అదీ తడిగా ఉన్నప్పుడు, ఆ వాలు ఎక్కదు, జారుతుంది. జారేది పక్కకు కూడా. వాలు 12 డిగ్రీలకు తేవాలంటే అదే ఎత్తుకు 4.3 మీటర్ల ర్యాంపు కావాలి. వెనక తోక వాలుగా ఉన్న డెక్ కొంత సాయం చేస్తుంది. ఇంకో ప్రమాదం ర్యాంపు పైఅంచు దగ్గర ఉంది. మిషన్ బరువు కేంద్రం ఆ అంచు దాటగానే ముందుభాగం ధబ్బున డెక్ మీద పడుతుంది. ట్రాక్ బండ్లలో ఆపరేటర్ దెబ్బతినేదీ, డెక్ పలకలు పగిలేదీ ఎక్కువగా అప్పుడే. పేవర్ (తారు పరిచే మిషన్), మిల్లింగ్ మిషన్ (పాత రోడ్డు పొర గీకేది) లాంటివి భవిష్యత్తులో కొనే ఆలోచన ఉంటే వెనక ర్యాంపు గురించి మరిచిపోండి, వాటి పొట్టలు నేలకు అంత దగ్గరగా ఉంటాయి.

మెడ ఊడదీస్తే పల్లం ముందంచు నేలకు దిగుతుంది. చిన్న మడత ర్యాంపుల మీదుగా మిషన్ ముందు నుంచి లోపలికి నడుస్తుంది, దాదాపు నేలమీద నడిచినట్టే. కదలని మెడ ట్రైలర్ తేలిక, చవక, చెడిపోయే భాగాలు తక్కువ. రోజూ ఒకే ఎక్స్‌కవేటర్‌ను తిప్పేవాళ్లకు అది చాలు కూడా. మీ దగ్గరున్న మిషన్ల కలగలుపుకు చాలదు.

ఊడే మెడల్లో మెకానికల్ రకం కూడా ఉంది. దీనిలో లారీని ముందుకూ వెనక్కూ నడుపుతూ మెడను విడదీయాలి, కలపాలి. తేలికే కానీ చదును నేల తప్పనిసరి, డ్రైవర్‌కు చెయ్యి తిరిగి ఉండాలి. సైటు నేల ఎప్పుడు చదునుగా ఉంటుంది కనుక! హైడ్రాలిక్ మెడకు నూనె ఒత్తిడి లారీ పీటీవో (లారీ ఇంజన్ శక్తిని బయటి పనికి అందించే ఏర్పాటు) పంపు నుంచి రావచ్చు, లేదా మెడ మీదే ఉండే చిన్న ఇంజన్ నుంచి రావచ్చు. వేర్వేరు లారీలతో ట్రైలర్ లాగించే పనైతే చిన్న ఇంజన్ ఉన్నదే మేలు. ఒకే లారీ ఖాయమైతే పీటీవో తీసుకోండి, చలికాలం పొద్దున స్టార్ట్ కాని ఇంజన్ గోల ఉండదు.

మెడ విడదీసే వరుస డ్రైవర్‌కు కంఠతా రావాలి. లారీ, ట్రైలర్ ఒకే గీతలో, గట్టి నేల మీద నిలపాలి. ట్రైలర్ పార్కింగ్ బ్రేక్ వేసి చక్రాలకు దిమ్మలు పెట్టాలి. మెడను కొద్దిగా పైకెత్తితే లాక్ పిన్నుల మీది బరువు పోతుంది, అప్పుడు లాక్ తీయాలి. పల్లాన్ని నేలకు దించాలి. తర్వాత డెక్‌కు వెళ్లే గాలి గొట్టాలు, కరెంటు తీగలు ఊడదీయాలి. మెడ కింది ఆసరా చేతిని లారీ ఛాసిస్ మీదకు దింపి, మెడ బరువు దాని మీద నిలిచిందని చూసుకుని, అప్పుడు లారీని నెమ్మదిగా ముందుకు తీయాలి. గాలి గొట్టాలు మరిచిపోయి లారీ కదిపితే అవి తెగిపోతాయి. సర్వసాధారణంగా జరిగేది ఇదే, ప్రాణాంతకం కాదు. ప్రాణాంతకమైంది తిరిగి కలిపేటప్పుడు లాక్ పిన్ను పూర్తిగా లోపలికి దిగకపోవడం. పిన్ను గూట్లో మట్టి గట్టిపడి ఉంటే అది సగమే వెళ్తుంది, కంటికి మాత్రం వెళ్లినట్టే కనిపిస్తుంది. రోడ్డు మీద ఒక గుంత చాలు, డెక్ కింద పడుతుంది. గూడు తుడిచి, పిన్ను పూర్తిగా దిగిందని దగ్గరికెళ్లి చూశాకే బండి కదలాలి. ఆసరా చెయ్యి ఆనే చోట మీ లారీ ఛాసిస్ మీద గట్టి ప్లేటు ఉండాలి. లేకపోతే ఛాసిస్ పైఅంచు నొక్కుకుపోతుంది.

లారీకీ మెడకూ జోడీ కుదరడం మరో లెక్క. ఫిఫ్త్ వీల్ (కింగ్‌పిన్‌ను పట్టుకునే, లారీ మీది ప్లేటు) మధ్య నుంచి లారీ వెనక చివరకు 1.6 మీటర్లు, లారీ వెడల్పులో సగం 1.25 అనుకోండి. ఆ మూల కింగ్‌పిన్ చుట్టూ తిరిగే వ్యాసార్ధం 2.03 మీటర్లు. మెడ కిందికి దిగే నిలువు భాగం కింగ్‌పిన్ నుంచి కనీసం 2.15 మీటర్ల దూరంలో లేకపోతే మలుపులో లారీ మూల దానికి తగులుతుంది. వెనక బురద రేకులు కూడా లెక్కలోకే వస్తాయి. కింగ్‌పిన్ 2 అంగుళాలదా, 3.5 అంగుళాలదా అన్నది మీ ఫిఫ్త్ వీల్‌ను బట్టి ముందే తేల్చుకోండి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ ట్రైలర్ ఇంటికొచ్చాక సరిదిద్దలేనివి ఇవే.

ఇప్పుడు టన్నులు. "40 టన్నుల ట్రైలర్" అంటే 40 టన్నులు ఎంత పొడవులో పరిచి పెడితే? అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. కొందరు తయారీదారులు పల్లం మొత్తం మీద పరిచిన బరువు చెబుతారు, కొందరు మధ్యలో 3 మీటర్లలోనో, 3.6లోనో, 4.9లోనో మోసే బరువు చెబుతారు. మన మిషన్లు పరుచుకుని కూర్చోవు. 30 టన్నుల ఎక్స్‌కవేటర్ ట్రాకు నేలకు ఆనేది 4 మీటర్ల దగ్గర. 40 టన్నుల తరగతి డోజర్ అయితే 3.2 మీటర్లే.

తేడా ఎంతో దూలం లెక్కతో చూడొచ్చు. రెండు ఆనికల మధ్య 13.4 మీటర్లున్న దూలం మీద 40 టన్నులను 8.2 మీటర్లలో పరిస్తే మధ్యలో ఎంత వంపు బలం పుడుతుందో, అదే బలం 4 మీటర్లలో పెట్టిన సుమారు 32.6 టన్నులకే వస్తుంది. పల్లం మొత్తానికి చెప్పిన 40 టన్నుల ట్రైలర్ మీద మీ 30 టన్నుల మిషన్ ఎక్కితే మిగిలేది 10 టన్నులు కాదు, రెండున్నర. ఆ మిషన్‌కు రాక్ బకెట్టో, బ్రేకరో తగిలించి, ట్రాకుల్లో మట్టితో ఎక్కిస్తే అదీ మిగలదు. అందుకని "4 మీటర్లలో 40 టన్నులు" అని కాగితం మీద రాసిచ్చే ట్రైలర్ అడగండి. ఆ అంకె ఏ వేగానికి చెప్పారో కూడా రాయించుకోండి. నెమ్మదిగా వెళ్లేటప్పటి అంకెను రహదారి వేగానికి వాడేసుకోవడం తరచూ జరిగే మోసం, ఒక్కోసారి అమ్మేవాడికే తెలియకుండా.

బరువు ఎక్కడ కూర్చుంటుందన్నది ఎంత బరువు అన్నదానికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కింగ్‌పిన్ నుంచి పల్లం మొదలుకు 3.3 మీటర్లు, పల్లం 8.2, అక్కడి నుంచి మూడు యాక్సిళ్ల మధ్యకు 1.9 అనుకుందాం. మొత్తం 13.4. మీ 30 టన్నుల ఎక్స్‌కవేటర్ తోక (క్యాబిన్ వెనక భాగం) తిరిగే వ్యాసార్ధం 3.2 మీటర్లు అనుకుని, తోక మెడకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా నిలిపితే మిషన్ మధ్య భాగం పల్లం మొదలు నుంచి 3.4 మీటర్ల దగ్గరకు వస్తుంది. అది కింగ్‌పిన్‌కూ యాక్సిళ్లకూ సరిగ్గా సగం దూరం, అంటే కింగ్‌పిన్ మీద 15 టన్నులు, యాక్సిళ్ల మీద 15. ట్రైలర్ సొంత బరువు 11 టన్నులు, అందులో 4 ముందుకు, 7 వెనక్కు. కింగ్‌పిన్ మీద 19, యాక్సిళ్ల మీద 22 అయింది. చాలా లారీలకు ఆ 19 ఎక్కువ. మిషన్‌ను మీటరు వెనక్కి జరిపితే 2.24 టన్నులు వెనక్కి వెళ్తాయి. కింగ్‌పిన్ 16.8, యాక్సిళ్లు 24.2.

ఆ 24.2 టైర్లు మోస్తాయా? డెక్ తగ్గించాలని 17.5 అంగుళాల రిమ్ము వేస్తారు. 215/75ఆర్17.5 టైరు, లోడ్ సూచిక (ఒంటిగా/జంటగా మోసే బరువుకు కోడ్) 135/133 ఉన్నదైతే, జంటగా వేసినప్పుడు ఒక్కోటి 2060 కిలోలు మోస్తుంది. 12 టైర్లకు 24.7 టన్నులు. 24.2కు సరిపోయింది అనిపిస్తుంది, కానీ డ్రైవర్ ఇంకో అర మీటరు వెనక్కి ఆపితే 25.3, పరిమితి దాటింది. అదే 235/75ఆర్17.5, సూచిక 143/141 అయితే ఒక్కోటి 2575, 12కు 30.9 టన్నులు. రెండోదే తీసుకోండి. యాక్సిల్ ప్లేటు మీద ఎంత రాసున్నా, టైరు, రిమ్ము, బ్రేకు, సస్పెన్షన్, ఇరుసు ఈ అయిదింటిలో ఏది తక్కువ మోస్తే అదే ఆ యాక్సిల్ సామర్థ్యం. చిన్న టైరు ఎక్కువ చుట్లు తిరుగుతుంది, దాని బ్రేకు డ్రమ్ము కూడా చిన్నది. పొడవైన దిగుడుల్లో వేడి త్వరగా ఎక్కుతుంది. అక్కడ ఇంజన్ బ్రేకు మీద ఆధారపడే డ్రైవింగ్ తప్పదు.

మూడు యాక్సిళ్లకూ బరువు సమంగా పంచాలంటే ఎయిర్ సస్పెన్షన్ మంచిది. కమాను కట్టల సస్పెన్షన్ మొండిది, సైటు గుంతలకు తట్టుకుంటుంది, కానీ మెడ ఎత్తు కాస్త తేడా వస్తే ముందు యాక్సిల్‌కో వెనక యాక్సిల్‌కో బరువు ఎక్కేస్తుంది. ఎయిర్ సస్పెన్షన్‌లోనూ ఎత్తు వాల్వు సరిగా లేకపోతే అంతే. లోడు వేశాక మెడ ఎత్తు సరిచేసి, డెక్ నేలకు సమాంతరంగా ఉందని చూసుకుని, ఒక్కో యాక్సిల్ గుంపును విడిగా కాటా వేయించండి. మొత్తం తూకం ఒక్కటే చూస్తే ఈ తప్పులేవీ బయటపడవు.

ఎత్తు సులువు. డెక్ 0.55, మిషన్ రవాణా ఎత్తు 3.4 అయితే 3.95 మీటర్లు. అదే మిషన్ ఒక మీటరు ఎత్తున్న బల్లపరుపు ట్రైలర్ మీద 4.4. అయితే ఒక మెలిక ఉంది. 30 టన్నుల ఎక్స్‌కవేటర్ బూమ్ (చాచే పెద్ద చెయ్యి, దాని చివర చిన్న చెయ్యి ఆర్మ్) చివరి నుంచి తోక దాకా 11 మీటర్ల దాకా ఉంటుంది. మీటరు వెనక్కి జరిపిన స్థితిలో బూమ్, ఆర్మ్ పల్లం దాటి 4 మీటర్లు వెనక చక్రాల మీదకు వస్తాయి. అక్కడి డెక్ ఎత్తు ఎక్కువ కాబట్టి ఆర్మ్ దాని మీద ఆనితే బూమ్ మధ్య వంపు పైకి లేస్తుంది, 3.95 కాస్తా పెరిగిపోతుంది. వెనక చక్రాల మధ్య బూమ్ పెట్టుకునే గాడి ఉన్న ట్రైలర్ అడగడం అందుకే. ఆ గాడి మీ బకెట్ వెడల్పుకు చాలుతుందో లేదో కొలవండి, చాలకపోతే బకెట్ ఊడదీసి విడిగా పంపాలి.

వెడల్పుకు పక్కలకు లాగే బ్రాకెట్లు ఉంటాయి, ఒక్కో వైపు 30 సెంటీమీటర్లు. ట్రాకు అంచు వాటి మీద ఆనొచ్చు, ట్రాకు మధ్య గీత మాత్రం అసలు డెక్ మీదే ఉండాలి. బరువంతా బ్రాకెట్ల మీద పడితే అడ్డ దూలాలు మెలితిరుగుతాయి.

డెక్ మీద ఉత్త ఇనుము కాకుండా గట్టి చెక్క పలకలు ఉన్నవే తీసుకోండి, మిషన్ కింద రబ్బరు చాప వేయండి. మిషన్‌ను గొలుసులతో కట్టే లెక్కలో ఇనుముకూ రబ్బరుకూ తేడా ఎంతో చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12195-1 ప్రకారం సరుకు ముందుకు దూకే బలం దాని బరువులో 0.8 వంతుగా తీసుకోవాలి. తడి ఇనుము మీద ఇనుము పట్టు 0.2 అనుకున్నా, 30 టన్నులకు గొలుసులు ఆపాల్సింది 18 టన్నులు. రబ్బరు చాప మీద పట్టు 0.6, అప్పుడు గొలుసుల వంతు 6 టన్నులే. 13 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 గొలుసు లాగుడు సామర్థ్యం 10 టన్నులు, కానీ కిందికి 45 డిగ్రీలు, పక్కకు 45 డిగ్రీలు వాలిస్తే ముందుకు ఆపేది అందులో సగం, 5 టన్నులు. కిందికి నొక్కడం వల్ల వచ్చే పట్టు కలిపినా తడి ఇనుము మీద ఆరున్నర దాటదు. వెనక్కి లాగి కట్టిన రెండు గొలుసులు ఇనుప డెక్ మీద చాలవు, రబ్బరు చాప మీద చాలతాయి. డెక్ ఉంగరాల సామర్థ్యం గొలుసుకంటే తక్కువైతే గొలుసు బలం వృథా, ఆ అంకె కూడా అడగండి. మీ రోలర్‌కు నడుము కీలు ఉంది, దాని లాక్ పిన్ను వేయకుండా గొలుసు బిగిస్తే దారిలో నడుము మడతపడి గొలుసు వదులవుతుంది. బకెట్‌కు, గ్రేడర్ బ్లేడుకు విడిగా ఇంకో గొలుసు. కొద్ది దూరం వెళ్లాక ఆగి మళ్లీ బిగించాలి, ట్రాకుల్లో మట్టి రాలేకొద్దీ గొలుసు వదులవుతూనే ఉంటుంది.

వాడిన ట్రైలర్ చూస్తుంటే ఖాళీ డెక్ పక్కన ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగండి. బరువు లేనప్పుడు మధ్యలో కొద్దిగా పైకి వంపు ఉండేలా తయారు చేసిన డెక్ బల్లపరుపుగానో, కిందికి జారినట్టుగానో కనిపిస్తే దూలం అలిసిపోయింది, బేరం వద్దు. మెడ డెక్‌ను కలిసే చోట, పల్లం చివర మెట్టు దగ్గర వెల్డింగ్ అతుకుల పక్కన సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది పగులు. కొత్త రంగు అక్కడక్కడా మాత్రమే కొట్టి ఉంటే ముందు అక్కడే గీకి చూడండి. 2 అంగుళాల కింగ్‌పిన్ కొత్తది 50.8 మిల్లీమీటర్లు, 49కి అరిగితే మార్చాల్సిందే. మెడను లోడుతో పైకెత్తి పావుగంట వదిలేయండి. అది దానంతట అదే కిందికి జారుతుంటే సిలిండర్ సీళ్లో, వాల్వో పోయాయి. కింగ్‌పిన్ నుంచి మొదటి యాక్సిల్ రెండు చివర్లకూ టేపు పెట్టండి. తేడా 3 మిల్లీమీటర్లు మించితే ట్రైలర్ పక్కవాటుగా నడుస్తుంది, టైర్లు ఒక వైపు అరుగుతాయి. అది సస్పెన్షన్ బుష్‌లు మారిస్తే పోయేదో, ఛాసిస్ వంకరో తేలాకే ధర మాట్లాడండి.